మటన్ కొట్టుకు తెర కట్టాక

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడలో మేం ఎప్పుడూ కొనే మటన్ కొట్టు షట్టర్ సగం దించి ఉంది. తాళం వేయడానికి వచ్చిన, కొట్టు నడిపే పెద్దాయన కొడుకు, "రాత్రి బాపు పోయిండు కాకా" అన్నాడు. నా వెనకున్న, కొత్త అపార్ట్‌మెంట్ టవర్లలో ఉండే ఆయన చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి, "అయ్యో... మరి ఇవాళ బోన్‌లెస్ ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు. ఆ కోపం నాకింకా దిగలేదు.

పెద్దాయన అడగందే కత్తి పట్టేవాడు కాదు. "ఎవరికి తమ్మీ? ముసలోళ్లకా, బాలింతకా, చుట్టాలొచ్చిండ్రా?" జవాబును బట్టి ముక్క. పళ్లూడిన మా అమ్మకు ఖీమా, జ్వరం పడి లేచినవాళ్లకు కాళ్లు. వేలాడే పొట్టేలుకు తోక అలాగే ఉంచేవాడు. పొట్టేలో మేకో కొనేవాళ్లు చూసుకోవాలి, కావలసిన చోటు వేలితో చూపించాలి.

ఇక్కడో మాట అడ్డం పడుతోంది, చెప్పేస్తాను. అప్పట్లో మటన్ పాత పత్రికల్లో చుట్టేవాడు. నా చదువంతా ఆ పొట్లాలదే. సీరియళ్ల చివరిభాగం ఎప్పుడూ పక్కింటి పొట్లంలోకే పోయేది. ఎంతమంది కథానాయికల పెళ్లిళ్లు నాకు తెలియకుండానే జరిగిపోయాయో!

టవర్లు లేచాక కొనేవాళ్లు మారారు. మాంసం కావాలి, మేక కనబడకూడదు. ఎముక తగలకూడదు, కోసే మనిషి పలకరించకూడదు. ఎదురుగా వెలసిన అద్దాల షాపు సగం బేరం పట్టుకుపోయింది. కొడుకు ముందు తోక తీయించాడు, తర్వాత నల్లతెర కట్టాడు. ముక్కలు డబ్బాల్లోకెక్కాయి. డబ్బా మీద పచ్చికలో నవ్వుతున్న మేక బొమ్మ.

"గీ మేక నవ్వుడేందిరా? దానికి ఎరుక లేదా ఏంది?"

"కస్టమర్లకు గట్లనే నచ్చుతది బాపు. లేకుంటే ఇగ షట్టర్ దించుడే."

ఎందుకు ఒప్పుకున్నావని నేను పోట్లాడితే, "కొట్టుండాలె కద తమ్మీ" అన్నాడు. ఒప్పుకున్నాడు గానీ తెర వెనక ఉండలేకపోయాడు. అలికిడైతే చాలు, తెర జరిపి తల బయటపెట్టి, "ఎవరికి?" అనేవాడు. ఫోన్లలో ఉన్నవాళ్లు తల కూడా ఎత్తేవాళ్లు కాదు. ఓ అమ్మాయి జడుసుకుందని కొడుకు కసిరితే కొన్నాళ్లు మానేసి, మళ్లీ మొదలుపెట్టాడు.

దినాలయ్యాక కొట్టు తెరిచారు. నిన్న వెళ్లాను. అడగకుండానే డబ్బా చేతిలో పడింది. తెర అంచున, ఆయన పట్టుకునే చోట, జిడ్డు మరక అలాగే ఉంది. ఫ్యాన్ గాలికి తెర కాస్త జరిగింది.

"మా మనవరాలికి... జ్వరం తగ్గింది" అని నోటిదాకా వచ్చింది.