బోడికారు, మా నాయన ఎద్దులు

మా ఆయన ఎద్దులను అమ్మి కారు కొన్నాడు. ఆ ఎద్దులు ఆయనవి కావు, నావి. నన్ను కాపురానికి పంపినప్పుడు సారెతోపాటు మా నాయన తోలి పంపిన జత అది. దూడలప్పటి నుంచి తన చేత్తో తవుడు కలిపి పెట్టి పెంచాడు. చిట్టమూరు పక్కన మా అత్తగారి ఊళ్లో అంత ఎత్తు మూపురాలున్న ఎద్దులు మరొకరికి లేవు. అవి పోయిన సంగతి తెలిస్తే ఆ మనిషి మంచం పడతాడు. ఎలాగైనా తెలియకూడదు. ఆ ఒక్క భయంతోనే నేను రెండేళ్లు బతికాను.

కారు మద్రాసులో ఒక కంపెనీ దొరది. అరవైల మొదట్లో దొర తన దేశానికి పోతూ ఎవరికో ఇస్తే, ఆ ఎవరో ఇంకెవరికో అమ్మితే, చివరికి మా ఆయనకు అంటగట్టారు. స్పోర్ట్స్ కారు అంటారట. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు జానెడెత్తు. కొమ్ములు లేని గొడ్డును బోడిగొడ్డు అన్నట్టు ఊరంతా దాన్ని బోడికారు అన్నారు. మా ఆయనకు ఒళ్లు మండేది. నాకు మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా కడుపులో చల్లగా ఉండేది.

"ఎద్దుల్ని మేపితే ఏమొస్తుందే? పేడ," అన్నాడు కారు తెచ్చిన రోజు. "మీ నాయనకు చెప్పబాక. ముందు నిన్ను దీంట్లో కూర్చోబెట్టి మీ ఊరికి తీసకపోతా. కార్లోంచి దిగే కూతుర్ని చూస్తే ఎద్దుల మాటే అడగడు."

నేను నమ్మాను. అప్పటికే ఎద్దులు పోయాయి. నమ్మక చేసేదేముంది?

ఎద్దులు కట్టిన చావిట్లోనే కారు నిలబెట్టాడు. సముద్రం మాకు నాలుగు మైళ్లు. ఆ ఉప్పుగాలికి తలుపు గొళ్లేలే నిలవవు, సీమరేకు నిలుస్తుందా? మొదటి వానాకాలానికే కారు అడుగు పొరలు పొరలుగా రాలడం మొదలైంది. ఏ సామాను పోయినా మద్రాసు పోవాలి. పోతే, అది దొరల సీమ నుంచి రావాలని చెప్పి పంపేవాళ్లు. ఆఖరికి మా ఊరి కమ్మరే బండిచక్రాల పట్టాముక్కలు కోసి అతుకులు వేశాడు. నడిపే దర్జా మా ఆయనది, తుడిచే చాకిరీ నాది. ఎద్దులకైతే చేసిన పనికి విశ్వాసమన్నా ఉండేది.

మా వాకిట్లోకి చేపలు తెచ్చే ఆమె ఒకరోజు నా అవస్థ చూసి, "అక్కా, మేం పడవలకు సొరచేప నూనె పూస్తాం. ఉప్పు దగ్గరికి రాదు," అంది. ఆమె చేత కుండెడు తెప్పించి, గోనెసంచి పరుచుకుని కారు కింద పడుకుని, కొబ్బరిపీచుతో అడుగంతా పట్టించాను. నెలకోసారి అదే పని. ఊళ్లో పిల్లులన్నీ ఆ కారు కిందే కాపురం పెట్టాయి. ఆయన ముక్కు మూసుకుని నన్ను తిట్టేవాడు గానీ, అడుగు మాత్రం నిలిచింది.

ఇంత చేసినా పక్కసీటు నాకు ఖాళీ కాలేదు. ఒకరోజు మెకానిక్కు, ఒకరోజు గూడూరు స్నేహితుడు, ఎవరూ లేకపోతే పెట్రోలు డబ్బా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. పుట్టింటికి నేను బస్సులోనే పోయేదాన్ని. నాయుడుపేట దాటాక రోడ్డు పక్కనే ఒక ఊరుంది. మా ఎద్దులను కొన్న రైతుది ఆ ఊరే. అక్కడికి రాగానే కిటికీలోంచి తల బయట పెట్టేదాన్ని. రెండుసార్లు కనిపించాయి. ఒళ్లు చేసి నిగనిగలాడుతున్నాయి. పుట్టింట్లో అడుగుపెట్టగానే నాయన అడిగే మొదటి మాట ఒకటే.

"ఎద్దులు ఎట్టుండాయి పాపా?"

"బాగుండాయి నాయనా."

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని. మోకాళ్లు పట్టేసి నాయన మా అత్తగారి ఊరికి రాలేకపోవడం నా అదృష్టమైంది. కన్నతండ్రికి కాళ్లు లేవకపోవడం అదృష్టమనుకునే గతి పట్టించాడు నా మొగుడు.

రెండేళ్లకు మా ఆయనకు కారు మీద మోజు తీరింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఎవరూ ముట్టుకోలేదు. సూళ్లూరుపేటలో ఒక వ్యాపారి చూస్తానన్నాడు. మా పుట్టింటి ఊరు ఆ దారిలోనే గనుక, పోతూ పోతూ దించేస్తానని మా ఆయన నన్ను ఎక్కించుకున్నాడు. నాకు సీటు దొరికింది అలా.

అది మినుముల కాలం. రైతులు తారురోడ్డు మీద కాయలున్న ఎండు మినుము కట్టె పరుస్తారు. లారీలూ బస్సులూ తొక్కుతూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. మా వైపు అందరూ చేసే పనే. మా ఎద్దులు కొన్న రైతు ఊరి దగ్గర రోడ్డంతా కట్టె పరిచి ఉంది.

"పక్కకు దించండి, మనది నేలకు ఆనే బండి," అన్నాను.

"లారీలు పోవడంలా? నువ్వు నాకు నేర్పబాక," అని తొక్కించాడు.

తీగలు కింద ఇరుసుకు చుట్టుకుని, పొగగొట్టం వేడికి అంటుకున్నాయి. మిగతాది నేను పట్టించిన చేపనూనె చూసుకుంది. ఇద్దరం దూకేశాం. రైతులు ఇసుక చల్లి, కుండలతో నీళ్లు పోసి మంట ఆర్పారు. టైర్లు మిగిలాయి, ఇంజను పోయింది.

"అంతా నీ చేపనూనె వల్లే," అన్నాడు మా ఆయన నలుగురిలో. నిజమే కావచ్చు. అది లేకపోతే ఆ అడుగు మొదటి ఏడే ఊడిపడేదని ఎవరికి చెప్పను? కట్టె కాలినవాళ్లు తిట్లకు దిగేసరికి, మెకానిక్కును తెస్తానని గూడూరు పోయే లారీ ఎక్కాడు. తిట్లకు నన్ను వదిలి పోయాడు.

ఆ రైతుల్లో మా ఎద్దులు కొన్నాయన ఉన్నాడు. తోలుకుపోయిన రోజు నేను ఏడవడం చూసినవాడు. "ఊరుకోండబ్బా, ఆ యక్కేం చేస్తాది," అని అందరినీ అదిలించాడు. కొడవలితో తీగలు కోసి, "మీ నాయనోళ్ల ఊరు ఐదు మైళ్లే గదా. ఈడ్చకొచ్చి దించుతా. నువ్వు ఆ చక్రం పట్టుకో అక్కా," అన్నాడు.

ఆయన తోలుకొచ్చినవి మా ఎద్దులే. వద్దనాల్సింది. కానీ ఎడమవైపుది నా చెయ్యి వాసన చూసి నాకింది.

కాడికి మోకు కట్టి కారుకు తగిలించాడు. నేను మా ఆయన సీట్లో కూర్చుని చక్రం పట్టుకున్నాను. ఎదురొచ్చిన బస్సుల్లోవాళ్లు తలలు బయటపెట్టి నవ్వారు. నేను ఎద్దుల వీపులు చూస్తూ పోయాను.

మా నాయన అరుగు మీద నుంచి కర్ర ఊతంతో లేచి వచ్చాడు. కారు వైపు కన్నెత్తి చూడలేదు. మూపురం తడిమాడు, పళ్లు చూశాడు, గంగడోలు నిమిరాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగా మేపినావు పాపా. నాకంటే బాగా మేపినావు."

మోకు విప్పుతున్న రైతు నా మొహం చూశాడు. అర్థమైనట్టుంది, తల వంచుకున్నాడు. మా అమ్మ కుడితి తెచ్చి పెట్టింది. అవి తాగినంతసేపు ఆగి, రైతు వాటిని రోడ్డు వైపు మళ్లించాడు. ఆయన పని ఆయనకుంది.

"అదేంది పాపా, మన ఎద్దుల్ని ఆయన యాడికి తోలకపోతుండాడు?"

"వాటి ఇంటికే నాయనా."

నాయన రోడ్డు మలుపు దాకా వాటినే చూసి, తర్వాత కారు వైపు చూసి, అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన బతికిన ఏళ్లలో నేను ఎన్నిసార్లు వెళ్లినా ఎద్దుల మాట ఎత్తలేదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఒకటే అడిగేవాడు.

"బస్సులో సీటు దొరికిందా పాపా?"