కాసిం మేస్త్రి భయం

మా పక్క సందులో ఎవరో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే పిల్లర్లకు చుట్టిన గోనెపట్టాల మీద నీళ్లు కొడతారు. ఆ తడి గోనె వాసన, దానిలో కలిసిన పచ్చి సిమెంటు వాసన మా వంటింటి కిటికీలోంచి వచ్చి పొయ్యి దగ్గరే నిలబడుతుంది. చాయ్ మరుగుతూనే ఉంటుంది, నేను గిన్నె దించడం మరిచిపోతాను. ఆ వాసన వెనకే ఒక చప్పుడు రావాలి. చెక్క మీద మనిషి ఎగిరిన చప్పుడు, ధన్, ధన్ అని. నా చెవులు దానికోసం ఎదురుచూస్తాయి. రాదు.

ఆ చప్పుడు కాసిం మేస్త్రిది. మాది వనపర్తి. గద్వాల, నాగర్‌కర్నూలు అప్పుడు మాతోపాటు ఒకే జిల్లాలో ఉండేవి. సెల్‌ఫోన్లు మేస్త్రీల జేబుల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వానలు లేక మా చెల్క బీడుపడితే మా ఆయన బొంబాయికి మట్టిపనికి పోయాడు. నేను కూలీలంతా పొద్దున్నే పనికోసం నిలబడే చౌరస్తా అడ్డా మీద నిలబడ్డాను. నన్ను పిలిచి పని ఇచ్చినవాడు కాసిం మేస్త్రి. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు ఉండేవాడు. మేమంతా చిచ్చా అనేవాళ్లం.

మొదటి రోజు సిమెంటు మాలు నింపిన తట్ట నెత్తిన పెట్టుకుని పరంజా ఎక్కబోయాను.

"ఆగు బిడ్డా. నేనింకా ఎక్కలే," అన్నాడు చిచ్చా.

నా తట్ట తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. బిస్మిల్లా అనుకుంటూ పైకెక్కి, పరిచిన ప్రతి చెక్క మీదా నిలబడి ఎగిరాడు, నిండు తట్టతోనే. ఒక చెక్క దగ్గర ఆగి, మడమతో మళ్లీ కొట్టి చూసి, దాన్ని ఊడదీసి కింద పడేశాడు. తాళ్ల కట్లు వేలితో లాగి చూశాడు. అంతా అయ్యాక దిగి వచ్చి, "ఇగ పోండ్రి," అన్నాడు. పని ఎక్కడైనా, ఎవరిదైనా, పొద్దున మొదటి పని అదే.

నాతోపాటు మాలు మోసే యాదమ్మ నోరు ఊరుకునేది కాదు. "బారాత్‌ల పెండ్లికొడుకు దోస్తు ఎగిరినట్టు ఎగురుతున్నవేంది చిచ్చా? జర బాజావోళ్లను గూడ పిలువరాదు?"

"నవ్వు, నవ్వు. నేను పడితే నా బీవీ ఏడుస్తది. నువ్వు పడితే నీ మొగుడు సంబురపడ్తడు. గది నాకిష్టం లేదు."

యాదమ్మ తట్ట కింద పెట్టి మరీ నవ్వింది.

ఊళ్లో ఆయనకు భయం మేస్త్రి అని పేరు. ఆ పేరుకు ఆయన సిగ్గుపడలేదు. నాగర్‌కర్నూలులో ఒక ఇంటికి గోడ లేపుతున్నప్పుడు దారానికి కట్టిన తూకపు గుండు వేలాడదీసి చూసి, వంకర కనబడి, పొద్దటి నుంచి కట్టిన వరసలన్నీ విప్పించాడు. ఇంటాయన లబోదిబోమన్నాడు. "ప్లాస్టర్ల కప్పుకపోయేదానికి గింత లొల్లి ఎందుకయ్యా?"

"కండ్లకు కప్పుకపోతది సార్. బరువుకు కప్పుకపోదు."

ఆ సాయంత్రం తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు: "భయపడేటోడు రెండుసార్లు జూస్తడు బిడ్డా. రెండోసారి జూసినప్పుడే వంకర కనవడ్తది." పడిపోతామేమోనన్న భయం, గోడ వంకరపోతుందేమోనన్న భయం ఆయనకు వేరువేరు కాదని నాకు మెల్లగా తెలిసింది. ఒకటి పోతే రెండోది కూడా పోతుందని మాత్రం అప్పుడు తెలియదు.

తర్వాత బిల్డింగులు పోటీపడి లేచే కాలం వచ్చింది. బీడీ నోట్లో పెట్టుకుని ఒంటి బొంగు మీద నడిచే మేస్త్రీలు వచ్చారు. కింద నిలబడి చూసేవాళ్లు, మొగోడంటే వాడే అని మెచ్చుకునేవాళ్లు. చిచ్చాను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఇంట్లో ఆయన భార్య మంచం పట్టింది, కర్నూలు దవాఖానకు తిప్పుతున్నాడు. మాకు పనులిచ్చిన మనిషి ఒక పొద్దున మా పక్కనే అడ్డా మీద వచ్చి నిలబడ్డాడు. యాదమ్మ కొంగు సర్దుకుని, పక్కకు జరిగి చోటిచ్చింది.

అలాంటప్పుడు మా ముగ్గురికీ గద్వాలలో దుకాణాల బిల్డింగు పని దొరికింది. కాంట్రాక్టరు ముందే చెప్పాడట, ఎగురుడు గిగురుడు నా దగ్గర నడువది అని. మొదటి పొద్దున చిచ్చా పరంజా కింద నిలబడి పైకి చూశాడు. ఒక కాలు చెక్క మీద పెట్టాడు, తీశాడు.

"పాండ్రి. ఏం గాదు," అన్నాడు.

మా దగ్గర ప్రతి మేస్త్రీ దినమంతా అనే మాటే అది. ఆయన నోట మాత్రం నేను వినడం అదే మొదలు.

"ఇయ్యాల ఎగురలేదేంది చిచ్చా?" అన్నాను.

"ఎగిరితే పెద్దాయన కోపం జేస్తడు."

"ఎవరు, అల్లానా?" అంది యాదమ్మ.

"కాదు, కాంట్రాక్టర్."

ముగ్గురమూ నవ్వాం. నవ్వుకుంటూనే ఎక్కాం.

ఏమీ కాలేదు. మరునాడూ ఏమీ కాలేదు. ఏమీ కాని రోజులే మనిషిని చెడగొడతాయి. కట్లు లాగి చూడటం పోయింది. తూకపు గుండు సంచిలోనే ఉండిపోయింది. ఒకనాడు గోడ కడుపు ముందుకొచ్చింది, తట్ట మోసే నా కంటికే తెలుస్తోంది. చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "ప్లాస్టర్ల కప్పుకపోతది తీ," అన్నాడు, నా ముఖంలోకి చూడకుండా.

ఆ తర్వాత ఎక్కువ రోజులు పోలేదు. పై అంతస్తు గోడ నడుస్తోంది. ముందు రోజు వానపడి చెక్కలు నానాయి. యాదమ్మ నా ముందు తట్టతో నడుస్తూ, వాళ్లాయన కొన్న కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టి వస్తుందో చెబుతోంది. కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. నా ముందు యాదమ్మ లేదు. కింద ఇసుక కుప్ప ఉంది. దాని మీద పడినా బతికేదేమో. దాని పక్కన పడింది. చిచ్చా ఎలా దిగాడో తెలియదు, ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నేనింకా ఎక్కలే బిడ్డా, నేనింకా ఎక్కలే," అని అదే మాట. దవాఖాన చేరేలోపే అయిపోయింది. అక్కడి మనుషులు ఆమె రాత అన్నారు. పని మళ్లీ మొదలైంది. ఆ కడుపు ముందుకొచ్చిన గోడకు ప్లాస్టరు చేసి రంగు వేశారు. ఇప్పుడు చూస్తే ఎవరికీ తెలియదు.

చిచ్చా మళ్లీ తాపీ పట్టలేదు. వనపర్తిలో ఎక్కడ ఇల్లు లేస్తుంటే అక్కడికి, కూలీలు రాకముందే పోయి, పరంజా ఎక్కి చెక్కల మీద ఎగిరేవాడు. నెత్తిన తట్ట ఉండేది కాదు, చేతులు మాత్రం తట్ట పట్టుకున్నట్టే పైకి ఉండేవి. వాచ్‌మన్లు పిచ్చి సాయిబు అని తరిమేవాళ్లు. ఒకసారి ఎదురుపడి, ఇంటికి పో చిచ్చా అన్నాను. "ఈడ ఒకటి మంచిగ లేదు బిడ్డా. చెప్తే ఇంటలేరు," అని ఒక చెక్క చూపించాడు. నేనూ పోయి చెప్పాను. విన్నవాళ్లు లేరు. ఆ చలికాలమే జ్వరమొచ్చి పోయాడు.

నేను ఇప్పటికీ అటక మీది డబ్బా అందుకోవాలంటే, స్టూలు మీద మడమతో కొట్టి చూసి గాని ఎక్కను. "స్టూలు మీద గూడ ఎగురుతవా అత్తా?" అని కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆయన నాకు ఇచ్చిపోయింది ఈ భయమొక్కటే. దాన్ని ఎవరి చేతిలోనన్నా పెడదామంటే పట్టుకునేవాళ్లు లేరు.

ఇవాళ పొద్దున కిటికీలోంచి చూస్తే, పక్కింటి పరంజా మీదికి ఆడవాళ్లు తట్టలతో వరసగా ఎక్కుతున్నారు. ఉండబట్టలేక, "చెక్కలు జూసుకున్నరా బిడ్డా?" అని కేకేశాను. ముందున్న పిల్ల ఆగి, తట్ట కింద నుంచి నా వైపు చూసి చల్లగా నవ్వింది.

"ఏం గాదు పెద్దమ్మా," అంది.