చిన్నమ్మ గద్వాల చీర

మా చిన్నప్పుడు... బతుకమ్మ పండుగ దగ్గరపడుతుందనగా అవ్వ చీరల పెట్టె... సందుగ తెరిచేది. కర్పూరం, ఎండిన వేపాకు కలిసిన వాసన గుప్పున వచ్చేది. పిల్లలం చుట్టూ చేతులు కట్టుకుని కూర్చోవాలి... ముట్టుకుంటే అవ్వ చేతి మీద ఒక్కటి వేసేది.

తిరుమలగిరి దగ్గర మా ఊరు. ఒక ఏడు వానలు లేవు. కొత్త బట్టల మాటే ఎత్తొద్దని బాపు ముందే చెప్పేశాడు. అందుకే పాత చీర ఒకటి తీసి నాకు లంగా, జాకెట్ కుట్టిస్తానంది అవ్వ.

"ఏది గావాల్నో నువ్వే చూస్కోయే," అంది.

నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో పెద్దపిల్లని. నా పక్కనే మా చిన్నాయన కూతురు సుగుణ కూర్చుంది... ఎనిమిదేళ్లది. వాళ్లమ్మ, అంటే మా చిన్నమ్మ, జ్వరంతో పోయి ఇంకా ఏడాది నిండలేదు.

ఒక్కో చీర పట్టి చూశాను. ఒకటి వెలిసిపోయింది. ఒకటి గరుకు. ఇంకొకదాని అంచు సన్నం. అన్నిటికీ అడుగున ఆకుపచ్చ గద్వాల చీర కనబడింది... నూలు చీరకు ముదురెరుపు పట్టు అంచు. చిన్నమ్మకు ఆత్మకూర్ నుంచి పుట్టింటివాళ్లు పెట్టిన చీర.

"గిదే," అన్నాను.

అంతవరకు నోరు తెరవని సుగుణ అప్పుడు అంది.

"అవ్వా... అది కొయ్యకే. నాకు బొంత కుట్టియ్యి. కప్పుకుంట."

మా ఇళ్లలో పోయినవాళ్ల చీరలు మడతలేసి బొంతగా కుట్టి, వాళ్ల పిల్లలకు కప్పేవాళ్లు. ఆ పిల్ల అడిగింది కొత్త కోరికేమీ కాదు. అవ్వ కూడా చీర చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

నేను ఏడుపు అందుకున్నాను. ఆ ఏడుపు మధ్యలోనే అన్నాను...

"అమ్మనే లేదు... అమ్మ చీరెందుకే నీకు?"

పక్కన బియ్యం చెరుగుతున్న మా అమ్మ నవ్వింది. "అబ్బో, ఏం నోరే దీనిది!" అంది, మెచ్చుకున్నట్టే. అవ్వ కూడా నవ్వి చీర నా ఒళ్లో వేసింది.

"బొంతకేముందే సుగుణా... ఏదో ఒక పాతది దొరుకుతది తియ్యి."

సుగుణ నవ్వలేదు. ఏడవనూ లేదు.

దర్జీ మా అరుగు మీద మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. కత్తెర పడుతున్నంతసేపూ సుగుణ స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. జాలిపడ్డాడేమో, మిగిలిన ముక్కలు దాని చేతిలో పెట్టాడు. నేను వాటిని కూడా గుంజుకున్నాను... నా బొమ్మకు కావాలని. బొమ్మకు ఒక్క ముక్క చుట్టాను. మిగతావి ఎక్కడ పారేశానో తెలియదు.

సద్దుల బతుకమ్మ నాడు ఆ లంగా కట్టుకుని ఆడుతుంటే వెనక ఎవరో పట్టుకున్నట్టయింది. తిరిగి చూస్తే సుగుణ. లంగా అంచు చెంపకు ఆనించుకుని ఉంది.

"మురికి చేతులే, ఇడువు!" అని దాని చేతి మీద ఒక్కటి వేశాను... అవ్వ వేసినట్టే.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా మనవరాలి బడిలో పాతకాలపు బట్టలు వేసుకుని రమ్మన్నారు. "అమ్మమ్మా, నీ చిన్నప్పటి లంగా లాంటిది కావాలె," అని పట్టుబట్టింది. మా అమ్మ పోయి మూడేళ్లు. ఆమె నెమలికంఠం రంగు చీర బీరువాలో ఉంది. పెద్ద అంచు... పిల్లకు నిండుగా ఉంటుందనిపించింది.

శుక్రవారం దీపం పెట్టుకుని, చీర సంచిలో వేసుకుని, పిల్లను తీసుకుని చౌటుప్పల్ వెళ్లాను. అక్కడ సుగుణకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. పాతకాలపు లంగాలు తనే బాగా కుడుతుందని పేరు. పెళ్లిళ్లలో కలుస్తూనే ఉంటాం. మంచిగానే మాట్లాడుకుంటాం.

దుకాణంలోకి మాత్రం అంతకుముందెప్పుడూ వెళ్లలేదు. గోడకు ఒక అట్ట వేలాడుతోంది. 'పాత చీరలు కొయ్యబడవు.'

"నాది గూడనా?" అన్నాను నవ్వుతూ.

"ఎవ్వలదైనా అంతే అక్కా."

నేను ముందు పెట్టిన చీర మడత కూడా విప్పలేదు. మెల్లగా నా వైపు జరిపింది. "పక్క దుకాణంల గిసొంటి రంగే దొరుకుతది. మూడు మీటర్లు కొనుక్కరా. పాతదాని లెక్కనే కుట్టి ఇస్త."

"సుగుణా... ఆ గద్వాల చీర..." అన్నాను. నలభై ఏళ్లలో మొదటిసారి.

తను తల ఎత్తలేదు. పిల్ల నడుం చుట్టూ టేపు వేస్తూ అడిగింది.

"నీకు పొట్టిగైనంక ఆ లంగను ఏం జేసిన్రు అక్కా?"

"యాదికి లేదే," అన్నాను. పొద్దున దేవుడి ముందు స్తోత్రం చదివిన నోటితోనే.

"నాకు యాదికున్నది. పొయ్యి కాడ మసిగుడ్డ జేసిన్రు. రోజూ నేనే ఉతికి ఆరేసేదాన్ని."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. "చేతులు లేపు బిడ్డా," అంది పిల్లతో.

పక్క దుకాణంలో తానులన్నీ విప్పించాను. అమ్మ చీర రంగు దొరికింది, మూడు మీటర్లు కొన్నాను. దాని పక్కనే ఆకుపచ్చ తాను ఒకటి, ముదురెరుపు అంచుతో... "అమ్మమ్మా, ఇది ఇంకా మంచిగుంది!" అంది పిల్ల. నేను దాని చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను.

ఇప్పుడు పాతకాలం కావాలంటే మీటర్ల లెక్కన కొత్తగా దొరుకుతోంది... అప్పుడు సందుగలో అసలుదే ఉండి కూడా, అడిగిన పిల్లకు ఇవ్వలేదు మేం. మీ ఇంటి సందుగలో ఏ చీర ఉండేది? అది కావాలని అడిగి, దొరకక ఊరుకున్నదెవరు? గుర్తొస్తే ఇక్కడ రాయండి... కాదు, ముందు వాళ్లకు చెప్పండి, గుర్తుందని.