పురుగులున్న ఇంటికి రావద్దు

పట్టుపురుగులు పెంచే ఇంటికి చుట్టాలు రారు. వచ్చినా వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపించేస్తాం. వాళ్ల కాళ్లతో ఏ రోగం లోపలికి వస్తుందో, తలలో పూల వాసనకు పురుగులు ఎక్కడ మేత మానేస్తాయో అని భయం. మా కోలారు జిల్లా ముళబాగిలు పక్క పల్లెల్లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే, ఎవరూ తప్పు పట్టరు.

నిజం చెప్పాలంటే, రానురాను నాకది బాగా కలిసొచ్చింది. పెళ్లికి పిలిస్తే పురుగులున్నాయి. నామకరణానికి పిలిస్తే పురుగులున్నాయి. ఆకు కోసి, మేత వేసి నడుము పడిపోయినదానికి ఇంకొకరి ముఖం చూడాలంటేనే విసుగు. పంట అయిపోయి ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఒకరిద్దరికి అదే అబద్ధం చెప్పాను.

పోయిన వేసవిలో పురుగులు నాలుగోసారి పొర విడిచాయి. ఇక్కడ దాన్ని నాలుగో జ్వరం అంటాం. అది లేచాక వారం రోజులు ఎంత ఆకు వేసినా చాలదు. సరిగ్గా అప్పుడే పక్క వీధి అక్క వచ్చింది. తోడబుట్టింది కాదు గానీ, నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి నాకు దిక్కు ఆమే. పద్ధతి తెలిసిన మనిషి, వాకిట్లోనే ఆగింది.

"ఒక మాట చెప్పల్లమ్మా. రవ్వంత సేపు కూర్చుందామా?"

"ఇప్పుడు యాడక్కా తీరేది! జ్వరం లేచి రెండు దినాలాయ. గూళ్లు కట్టినాంక నేనే వస్తా."

"సరేలే, నీ పని చూసుకో."

నా చేతిలో ఆకు మోపు ఉంది. ఆమె ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

గూళ్లు కట్టాయి, అమ్మేశాం. నేను మాత్రం పోలేదు. ఒళ్లు నొప్పులని రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. ఒకరోజు పొద్దున పాల డెయిరీ దగ్గర ఒక ముసలామె అడిగింది. "మీ అక్క కోలారు ఆస్పత్రికి నిన్నే తోడు పిల్చుకొని పోతానని చెప్పినాదే, నువ్వు పోలేదా?"

అక్కకు రొమ్ములో గడ్డ తగిలిందట. ఇంట్లో మగవాళ్లకు చెప్పుకోలేక ఒక్కతే బస్సెక్కి పోయింది. రిపోర్టు వచ్చేదాకా ఒక్కతే భయపడింది. ప్రమాదమేమీ లేదని తేలిందట.

పాల క్యాను అక్కడే వదిలేసి ఆమె ఇంటికి పోయాను. "రామ్మా" అంటూ లేచింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే పడసాలలో వేసింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో నేను వంటింట్లో నేల మీద కూర్చుని, కావలసింది నేనే పెట్టుకుని తిన్నదాన్ని.

"నన్ను తిట్టక్కా" అన్నాను.

"నిన్నెందుకు తిట్టేది? నీ పని నీకుండాది. ఇంగ అంతా అయిపోయె గదా."

తిట్టి ఉంటే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆమె తిట్టలేదు. కొత్త చుట్టానికి ఇచ్చినట్టు లోటాలో కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చుని తాగాను.