కత్తిరించిన పదకొండు సెకన్లు

ల్యాప్‌టాప్ మానేసి ట్యాబ్ మీద పని మొదలుపెట్టాక వినుతకు ప్రాణం కుదుటపడింది. హోసూరు దగ్గర అత్తిముగంలో టమాటా, క్యాబేజీ పండించే శ్రీరామప్ప కూతురు ఆమె. హోసూరు ఫ్యాక్టరీలో నాలుగేళ్లు విడిభాగాలు తనిఖీ చేసి, విసుగెత్తి ఆ పని వదిలేసి, డ్రోన్ ఎగరేయడం నేర్చుకుంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, గులాబీ తోటలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరకు పోయేది. తీయడం ఆమెకు కష్టం కాదు. తీసింది కోసి, అతికి, వీడియోగా చేయడమే నరకంగా ఉండేది. ఆ పాత ల్యాప్‌టాప్‌లో డ్రోన్ వీడియో తెరిస్తే చాలు, పిండిమర లాగా రొద పెట్టేది. నడిమధ్యలో ఆగిపోయేది. మూడు నిమిషాల వీడియోకు మూడు రోజులు పట్టేది.

ట్యాబ్ అలా కాదు. పలక అంత ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని వేలితో లాగితే దృశ్యం జరుగుతుంది, పెన్సిలుతో గీత గీస్తే తెగుతుంది. కృష్ణగిరిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే హోసూరు వచ్చేసరికి సగం పని అయిపోయేది. పొద్దున తీసిన వీడియో సాయంత్రానికి ఫోన్లకు చేరుతుంటే జనం ముక్కున వేలేసుకున్నారు. "ఆ పాప అదే దినం ఇచ్చేస్తుంది" అన్న పేరు ఏడు నెలల్లో శూళగిరి దాకా పాకింది.

ఆ ట్యాబ్‌ను మెచ్చుకుంటూనే అనుమానపడింది చక్రి ఒక్కడే. మదనపల్లె నుంచి వచ్చి జూజువాడిలో చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. వినుతకు ఈ పనిలో ఓనమాలు దిద్దించింది అతనే.

"బాగుంది వినుతా. అయితే దాంట్లో స్థలం యాడుంది? నువ్వు తీసిన అసలు వీడియోలన్నీ యాడ పెడతావు?"

"పని అయిపోయినాక వాటితో ఏం పనన్నా? తుడిచేస్తాను. ఇంతవరకు ఎవురూ అడిగింది లేదు."

నిజంగానే ఎవరూ అడగలేదు.

వైశాఖ మాసంలో ఒక ఆదివారం కావేరిపట్టణం అవతల గృహప్రవేశానికి పిలుపొచ్చింది. పిలిచినవాడు పునీత్ అనే ముప్పై ఏళ్ల కుర్రాడు. తోటల మధ్య, కాలవ ఒడ్డున కొత్తగా కట్టుకున్న ఇల్లు. వెనక అంతా మామిడి. వినుత యాభై నిమిషాల వీడియో తీసి, భోజనాల వేళకు ముందే బయల్దేరింది. మరుసటి రోజు పొద్దున్నే గులాబీ తోటలో ఇంకో పని ఉంది.

బస్సులో ట్యాబ్ తెరిచింది. ఒక దృశ్యం చాలా బాగా వచ్చింది. ఇంటి వెనక నుంచి డ్రోన్ మెల్లగా పైకి లేస్తుంటే తెల్లటి మిద్దె, రంగు రంగుల షామియానా, దాని చుట్టూ ఆకుపచ్చ సముద్రం. ఎడమ అంచున మాత్రం ఒక ముసలాయన. పంచె జారి మట్టిలో ఈడ్చుకుపోతోంది. సంబరానికి వీపు చూపించి, కాలవ గట్టు మీద ఒంటరిగా, దిగువకు నడిచిపోతున్నాడు. వినుతకు ఆ మనిషి కొత్త గోడ మీద మరకలా కనిపించాడు. పెన్సిలుతో రెండు గీతలు గీసింది. పదకొండు సెకన్లు పోయాయి. మిగిలింది ముత్యంలా ఉంది. సాయంత్రానికి వీడియో పంపింది. మరుసటి రోజు పొద్దున, స్థలం లేదని ట్యాబ్ మొరాయిస్తే, పాతవన్నీ తుడిచి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. డ్రోన్‌లో ఉండే కార్డును కూడా శుభ్రం చేసి గులాబీ తోటకు పోయింది.

తోటలో పని ముగిసి డ్రోన్ దించుతుండగా పునీత్ ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"అక్కా, మా తాత ఆదెప్ప నిన్నట్నుంచి కనిపించల్యా. రెండేండ్లుగా ఆయనకు మతిమరుపు. భోజనాలప్పుడు చూస్తే ఇంట్లో లేడు. ఊరంతా తిరిగినాము. నీ డ్రోన్ అంతసేపు పైనే ఉండె గదా, దాంట్లో యాడైనా పడినాడేమో చూడక్కా. నువ్వు పంపిన మూడు నిమిషాలు వందసార్లు చూసినాము. దాంట్లో లేడు."

ఎందుకు లేడో వినుతకు తెలుసు. మట్టిలో ఈడ్చుకుపోతున్న ఆ పంచె కళ్ల ముందుకు వచ్చింది. చుట్టూ గులాబీల వాసన.

"చూసి చెప్తా తమ్ముడూ" అని ఫోన్ పెట్టేసి, స్కూటీ మీద నేరుగా జూజువాడికి పోయింది.

చక్రి కార్డును తన కంప్యూటర్‌కు తగిలించి, పోయినవి వెలికితీసే ప్రయత్నం చేశాడు. తెర నిండా గులాబీలు. వాటి మధ్య నుంచి ముక్కలైన వంట పందిరి ఒకటి, సగం షామియానా ఒకటి దొరికాయి. అంతకు మించి ఏమీ లేదు.

"దాని మీదనే ఇంకోటి రాసేసినావు పాపా. ఇంక రాదు."

వినుత ట్యాబ్ తెరిచింది. నిన్నటి పని తాలూకు వరస అలాగే ఉంది కానీ, దృశ్యాలు ఉండాల్సిన చోట బూడిదరంగు గడులు. ఒక్కో గడి మీద ఒక పేరు మిగిలింది. తీసే ప్రతి వీడియోకూ తేదీ, గంట, నిమిషం కలిపి డ్రోనే పేరు పెడుతుంది. ఆ దృశ్యం పదకొండూ నలభై రెండుకు తీసింది.

"సమయం దొరికింది, దిక్కెట్ల తెలుస్తుంది?" అన్నాడు చక్రి.

"దిక్కు నాకు తెలుసన్నా. నేను చూసినాను. చూసే కోసినాను."

చక్రి కార్డు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. తిడతాడనుకుంది. "ముందు ఫోన్ చెయ్యి. తర్వాత ఏడ్చుకోవచ్చు" అన్నాడు.

ఫోన్లో పునీత్‌కు సమయం చెప్పింది, దిక్కు చెప్పింది. వాళ్లు అప్పటిదాకా వెతికింది ఎదురు దిక్కున. ఆదెప్ప ఒకప్పుడు కృష్ణగిరి మండీకి మామిడికాయలు తోలేవాడు. మతి తప్పాక కూడా మండీకి పోవాలని గొడవ చేసేవాడట. అందుకని హైవే, బస్టాండు, మండీ గాలించారు. కాలవ దిగువకు ఎవరూ పోలేదు.

"ఆ వీడియో పంపించక్కా, పోలీసులకు చూపిస్తాము" అన్నాడు పునీత్.

"అది లేదు తమ్ముడూ. నేనే వస్తాండాను, డ్రోన్ తీసుకొని."

ఆమె చేరేసరికి రెండు దాటింది. కొత్త ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. మెట్ల మీద పునీత్ అమ్మ మునివెంకటమ్మ కూర్చుని ఉంది. నిన్నటి పట్టుచీరే ఒంటి మీద ఉంది.

"వీడియో లేకుంటే, మా మామ ఆ తట్టు పోయినాడని నీకెట్ల తెలుసు పాపా?" అని అడిగింది.

వేరే మాట ఏదైనా చెప్పవచ్చు. ఎగరేసేటప్పుడు కింద చూశాననవచ్చు. దారి పొడుగునా వినుత ఆ మాటను సిద్ధం చేసుకుంది కూడా. తీరా ఆమె ఎదురుగా నిలబడ్డాక నోటికి రాలేదు.

"వీడియోలో ఉండిరమ్మా. పక్కన ఎవురో పెద్దాయన పోతాండాడు, బాగలేదని ఆ ముక్క కోసేసినాను."

మునివెంకటమ్మ మెట్ల మీద నుంచి లేచింది.

"చూసి గూడా కోసేసినావా? పంచె జారిపోయి పోతా ఉంటే, ఎవురాయన అని అడగాలనిపించల్యా నీకు?"

పునీత్ తన అమ్మ భుజం పట్టుకుని, "అమ్మా, ఇప్పుడు వద్దు. పోదాం పదక్కా" అన్నాడు.

కాలవ గట్టున నిలబడి వినుత డ్రోన్ లేపింది. కింద మామిడి చెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని, దుప్పటి కప్పినట్టు ఉన్నాయి. నేల ఎక్కడా కనిపించదు. ఎంత కిందికి దించినా ఆకులే. ఒక బ్యాటరీ అయిపోయింది, రెండోది అయిపోయింది. కళ్లు మంటలెత్తేదాకా తెరలోకి చూసింది. పైనుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. మూడో బ్యాటరీ సగంలో ఉండగా, కింద నడిచి వెతుకుతున్న పునీత్ దూరం నుంచి కేక పెట్టాడు.

కాలవకు అటుపక్క, పాడుబడిన మోటారు గది గోడ వారగా ఆదెప్ప పడి ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది. పెదాలు పగిలి రక్తం కట్టింది. చీమలు పట్టాయి. ఊపిరి ఉంది. ఒక రాత్రి, రెండు మధ్యాహ్నాలు అక్కడే, ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో. నిన్న పదకొండూ నలభై రెండుకే ఎవరైనా వెనక పరిగెత్తి ఉంటే గట్టు మీదే చేయి పట్టుకుని వెనక్కి తెచ్చేవాళ్లు.

అంబులెన్సు ఎక్కేటప్పుడు మునివెంకటమ్మ వినుత వైపు చూడలేదు. అందరూ వెళ్లిపోయాక వినుత డ్రోన్ రెక్కలు కూడా మడవలేదు. అలాగే సంచిలో కుక్కుకుంది.

ఎనిమిదో రోజు ధైర్యం చేసి కృష్ణగిరి ఆసుపత్రికి పోయింది. మంచం పక్కన పునీత్ ఉన్నాడు. ఆదెప్ప కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఎవురమ్మా నువ్వు?"

"మీ కొత్త ఇంటికి వీడియో తీసినాను తాతా."

"ఓ. నేను పడినానా దాంట్లో?"

పునీత్ తల వంచుకున్నాడు. వినుత మంచానికి దగ్గరగా జరిగింది.

"పడినారు తాతా."

ఆయన తృప్తిగా తలాడించి, మళ్లీ "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు.

ఆమె ఇప్పటికీ ట్యాబ్ మీదే పని చేస్తుంది. అయితే ఒక పెద్ద హార్డ్‌డిస్క్ కొని, తీసిన ప్రతి ముక్కా దాంట్లోకి ఎక్కించాకే పెన్సిలు పడుతుంది. ట్యాబ్ నుంచి అది ఎక్కడానికి గంటలు పడుతుంది. అదే రోజు ఇవ్వడం కుదరక కొందరు వేరేవాళ్ల దగ్గరకు పోయారు. అంచుల్లో ఎవరైనా కనిపిస్తే ఆపి, పెద్దది చేసి, మొహం చూసేదాకా ఆమె చేయి కదలదు.

ఆదెప్ప మళ్లీ నడవలేదు. నాలుగో నెలలో పోయాడు. పునీత్ మెసేజ్ పెడితే వినుత పదకొండో రోజున వెళ్లింది. మునివెంకటమ్మ ఆకు వేసి, అన్నం పెట్టింది. ఏ బస్సుకు వచ్చినావు, తిరిగి పోయేదానికి బస్సుందా అని అడిగింది. పెట్టింది పెట్టినట్టు తిని, వినుత చెయ్యి కడుక్కుని కావేరిపట్టణం బస్టాండుకు నడిచింది.