మైకు దించక్కా, నోరు కనబడ్లే

మొన్న ఒక ఉదయం అంగన్‌వాడీ తలుపు తాళం తీస్తుంటే ఉన్నట్టుండి ముక్కులో దురద పుట్టింది. ఆ దురద నాకు పాత చుట్టమే. వెనక్కి తిరిగి చూస్తే పత్తి లారీ ఒకటి మార్కెట్ యార్డు వైపు పోతోంది. దాని వెనక ఎండలో తెల్లటి నలుసులు తేలుతున్నాయి, వాటిలో ఒకటి వచ్చి నా కనురెప్ప మీద వాలింది. మిల్లు పని వదిలి ఇన్నేళ్ళయినా ఆ నలుసు తగిలితే చాలు, ముక్కుకు గుడ్డ కట్టుకోవడానికి నా చేయి తనంతట తానే లేస్తుంది. గుడ్డ గుర్తుకు వస్తే, దాన్ని గడ్డం కిందికి లాగి నవ్వే సువార్తక్క గుర్తుకు రాకుండా ఉండదు. సీజను మొదలైంది, ఇక ఈ ఆదివారం ఖైరున్‌బీ ఇంట్లో మేం ముగ్గురం చేరాల్సిందే అనుకున్నాను.

ముగ్గురం అంటే నాతో పాటు ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసిన ఖైరున్‌బీ, ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపి ఇప్పుడు పిల్లలకు కీబోర్డు నేర్పుతున్న మస్తాన్ మాస్టారు, నేను. ఏటా పత్తి లారీలు కనబడగానే ఒక ఆదివారం పొద్దున చేరి, ఖైరున్‌బీ చేసిన ఉగ్గాని, బజ్జీలు తింటూ, ఎమ్మిగనూరు బడి మైదానంలో సువార్తక్క పాడిన ఆ ఒక్క సాయంత్రం గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకుంటాం అనడం మర్యాదకే. నిజానికి పోట్లాడుకుంటాం. ఆ రోజు అక్క కట్టుకున్నది ఎర్ర చీర అని ఖైరున్‌బీ, కాదు నీలం అని మాస్టారు. వంకాయ రంగు చీర, నాది, నేనే ఇచ్చాను. కానీ నన్ను ఎవరూ అడగరు. ఆ రోజు వచ్చిన జనం కూడా మా మాటల్లో ఏటేటా పెరుగుతున్నారు. ఇంకో రెండేళ్ళు పోతే ఆ మైదానంలో ఎమ్మిగనూరు మొత్తం పట్టేలా ఉంది.

సువార్తక్కది మా ఊరు కాదు, ఎమ్మిగనూరు దారిలో ఉన్న పల్లె నుంచి ఆటోలో పనికి వచ్చేది. పొడుగు మనిషి, పెద్ద నోరు, నవ్వితే పళ్ళన్నీ కనబడేవి. పదో తరగతి అయిన ఏడాది నేను మిల్లులో చేరినప్పుడు నా మిషనుకు ఎదురు మిషను ఆమెది. మిషన్లు వరసగా ఉండేవి. మేం నిలబడి పత్తి అందిస్తుంటే గింజలు కిందికి రాలి, దూది అవతలికి పోయేది. ఆ సద్దులో పక్కమనిషి చెవిలో అరిచినా వినబడదు. మొదటి రోజు దుమ్ముకు నాకు దగ్గు ఆగక కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, ఆమె దుమ్ముకు విరుగుడుగా మిల్లువాళ్ళు పంచే బెల్లంలో తన వాటా ముక్క నా నోట్లో పెట్టి, నా భుజం తట్టి, తన పెదవులను వేలితో చూపించింది. నా నోటి వైపు చూడు అని. అట్లా చూడడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత మిల్లులో నాకు వినబడని మాట లేదు. మేస్త్రీని ఎవరు ఏమని తిట్టుకుంటున్నారో, ఎవరి ఇంట్లో ఏం కూరో, అన్నీ పెదవుల మీదే తెలిసిపోయేవి.

పాట కూడా అట్లాగే వచ్చింది. పొద్దు కాస్త పైకి ఎక్కి, కాళ్ళు లాగడం మొదలైన వేళకు సువార్తక్క ముక్కుకు కట్టుకున్న గుడ్డను ఒక వేలితో గడ్డం కిందికి దించేది. అది గుర్తు. ఆ వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ తలెత్తేవాళ్ళు, ఎవరి గుడ్డ వాళ్ళు దించేవాళ్ళు. ఆమె మెడ నరాలు ఉబ్బేలా, కళ్ళు మూసుకుని, గుండెల్లో ఉన్నదంతా పెట్టి పాడేది. మేం ఆమె పెదవులతో పాటు మా పెదవులు కదిపేవాళ్ళం. ఒక్కరికి కూడా ఒక్క ముక్క వినబడేది కాదు. పాట మాటలు మాత్రం అన్నాల వేళ అడిగితే చెప్పేది. ఊరికే, వంకాయ కూర ఎట్లా చేయాలో చెప్పినట్టు చెప్పేది. అవి ఆమె సొంతంగా కట్టుకున్న పాటలు.

"నూలుపోగంత ఊపిరి నాది, నీ చేతి కదురుకు చుట్టుకో తండ్రీ. తెగిన చోటల్లా ముడి వేసుకో తండ్రీ, ముడి కనబడకుండా నేసుకో తండ్రీ."

ఆ తండ్రి ఆమెకు ఏసయ్య. ఖైరున్‌బీకి అల్లా. నాకైతే మా ఇంటి నరసింహస్వామి. ఎవరి తండ్రిని వాళ్ళు తలుచుకుని పత్తి అందిస్తుంటే సాయంత్రం త్వరగా అయ్యేది. మిషన్లు ఆగాక పాడమంటే మాత్రం సువార్తక్క చచ్చినా పాడేది కాదు. చర్చిలో కూడా వెనక గోడకు ఆనుకుని పెదవులు కదిపి వస్తానని తనే చెప్పేది. మనిషి చూస్తే అంత ఎత్తు, సిగ్గు చూస్తే అంతకంటే ఎత్తు.

నేను మిల్లులో చేరిన పదో ఏడు. మస్తాన్ మాస్టారి ఆర్కెస్ట్రా కొట్టు మా ఇంటి ఎదురే. ఒక శుక్రవారం పొద్దున ఆయన మెట్ల మీద తలపట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం సాయంత్రం ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళ పేట జనం ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు. పాడాల్సిన అమ్మాయికి టైఫాయిడ్. నాకు నోరు ఊరుకోదు కదా. "మా మిల్లులో సువార్తక్క ఉందన్నా. ఆత్మ కదిలేటట్టు పాడతాది," అన్నాను.

"నువ్వు ఇన్నావా?" అని అడిగాడు మాస్టారు.

"పదేండ్లుగా ఇంటానే ఉండా," అన్నాను, కన్ను కూడా ఆర్పకుండా.

అబద్ధం చెప్పానని ఆ క్షణంలో నాకు తోచనే లేదు. ఆ పాట నాకు అంత బాగా తెలుసు. మిల్లుకు పోయి, గుడ్డ దించి, ఆమెకు పెదవులతో సంగతి చెబుతున్నప్పుడు, అయ్యో, నేను ఈమె పాడే గొంతే వినలేదే అని గుర్తుకు వచ్చి నా చేతిలో పత్తి జారిపోయింది. అన్నాల వేళ అక్క నా పక్కన వచ్చి కూర్చుంది.

"నేను పాడేదేంది? నీకేమన్నా పిచ్చా?"

"మాస్టరుకు మాటిచ్చినానక్కా. బాగా పాడతావని సెప్పినా."

"నువ్వు ఎప్పుడన్నా ఇన్నావా నా పాట?"

"లేదు," అన్నాను తల వంచుకుని.

సద్దిమూట విప్పుతున్న ఆమె చేతులు ఆగాయి. "నేనూ ఇనలేదు పాపా," అంది.

నిజమే. ఆ సద్దులో ఆమె గొంతు ఆమెకు మాత్రం ఎట్లా వినబడుతుంది? అప్పటిదాకా మాకెవ్వరికీ ఆ ఆలోచనే రాలేదు. అక్క జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పింది. "వస్తా. ఎట్లుంటాదో ఇనాలని నాకూ ఉంది. కానీ బాగలేక జనం నవ్వినారనుకో, ఇంగ మిల్లులో గూడా ఈ గుడ్డ దించను. ఒట్టు." ఆ రెండు రోజులు నాకు ఒకటే దిగులు. మాస్టారి పరువు సంగతి ఆయన చూసుకుంటాడు. మా వరసలో పాట ఆగిపోతే ఎట్లా? ఆ పాట లేకుండా ఆ మిల్లులో ఒక్క పూట నిలబడగలనా? నా నోటి దురద వల్ల నలభైమంది ఆడవాళ్ళ పాట పోయేలా ఉంది.

ఆదివారం మిల్లుకు సెలవు. మా వరస ఆడవాళ్ళందరం ఆటోలు మాట్లాడుకుని ఎమ్మిగనూరు పోయి, నాలుగు గంటలకే ముందు కుర్చీలన్నీ ఆక్రమించాం. సువార్తక్క నా వంకాయ రంగు చీరలో స్టేజీ ఎక్కింది. చీర మడమల పైకి వచ్చింది, ఆమె పొడుగుకు నా చీర ఏం సరిపోతుంది? కొత్త మనిషి, గొంతు లేవదేమోనని మాస్టారు మైకు ఆమె చేతికిచ్చి, "మూతికి ఆనించి పెట్టుకోమ్మా, దూరం పెడితే ఇనబడదు," అని చెప్పాడు. ఆమె అట్లాగే ఆనించి, కళ్ళు మూసుకుని, మిల్లులో ఎట్లా మొదలుపెడుతుందో అట్లాగే మొదలుపెట్టింది.

స్పీకర్లు కెవ్వుమన్నాయి. మైదానంలో పడుకున్న కుక్కలు లేచి పరుగెత్తాయి. పిల్లలు చెవులు మూసుకుని పకపకా నవ్వారు, వాళ్ళను చూసి పెద్దలు నవ్వారు. మాస్టారు కీబోర్డు వెనక నుంచి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అక్క కళ్ళు తెరిచింది. ఎడమ చేయి కొంగు పట్టుకుని మెల్లగా నోటి దగ్గరికి పోతోంది. అయిపోయింది, ఇక ఆమె నోరు మూసుకుంటుంది, ఎప్పటికీ తెరవదు అనుకున్నాను.

అప్పుడు ఖైరున్‌బీ కుర్చీ ఎక్కి నిలబడి అరిచింది. "మైకు దించక్కా! నోరు కనబడ్లే!"

ఆమె అన్నదాకా మా అందరికీ ఉన్న ఇబ్బంది ఏమిటో మాకే తెలియలేదు. నల్లటి లడ్డులాంటి ఆ మైకు అక్క నోటికి సరిగ్గా అడ్డం. పెదవులు కనబడకుండా పాట ఎట్లా వింటాం? "అవునక్కా, దించు, దించు!" అని నలభైమందీ అందుకున్నారు. వెనక నుంచి ఒకాయన, "పాట ఇనేకి వచ్చినారా, నోరు చూసేకి వచ్చినారా?" అని వెక్కిరించాడు. ఖైరున్‌బీ కుర్చీ మీదే గిర్రున తిరిగింది. "మేము అట్లనే ఇంటామప్పా! నువ్వు గమ్మునుండు!"

సువార్తక్క మా వైపు చూసింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఒక వేలితో, గుడ్డను లాగినట్టే, మైకును గడ్డం కిందికి దించింది.

ఆమె పాడే గొంతును పదేళ్ళుగా నేను రకరకాలుగా ఊహించుకున్నాను. సన్నగా, తీయగా ఉంటుందనుకున్నాను. కాదు. బరువుగా, వెడల్పుగా, అడుగున కొంచెం బొంగురుతో, ఎవరినీ ఏమీ అడుక్కోకుండా వచ్చింది. జిన్నింగు మిషన్లతో పదేళ్ళు పోటీపడిన గొంతుకు మైకు ఒక లెక్కా? మైదానం అవతలి గోడ దాకా పోయి తిరిగి వచ్చింది. మొదటి చరణం అయ్యాక అక్క ఒక్క నిమిషం ఆగింది. తన గొంతు తనకే వినబడుతున్నట్టు తల పక్కకు వంచింది. "తెగిన చోటల్లా ముడి వేసుకో తండ్రీ" అని మళ్ళీ అందుకునేసరికి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అలవాటు కొద్దీ మేమందరం పెదవులు కదుపుతున్నాం. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు, ఉన్నట్టుండి మా నోళ్ళలోంచి చప్పుడు వచ్చింది. అప్పటిదాకా మేం పాడితే ఎట్లా ఉంటుందో కూడా మేం విన్నది లేదు. ఖైరున్‌బీది కాకిగొంతు అని ఆ రోజే తెలిసింది. నాది ఫర్వాలేదు. నలభైమందిమి నలభై దారుల్లో పోతుంటే, మాస్టారు కీబోర్డు మీద మా వెంట పరుగెత్తలేక చేతులెత్తేసి, తాను కూడా పాడడం మొదలుపెట్టాడు.

ఒక్క పాటకని ఎక్కిన మనిషిని ఏడు పాటలదాకా దిగనివ్వలేదు. ఇందాక వెక్కిరించిన పెద్దాయనే వచ్చి, శాలువా తేలేదమ్మా అని, ఇంట్లో నేసిన కొత్త దుప్పటి ఆమె భుజాల మీద కప్పాడు. రెండు మూరల శాలువా అయితే సన్మానంలా ఉండేది; అంత పెద్ద దుప్పటిలో మా అక్క పెళ్ళిపందిరిలా ఉంది. తిరుగు ఆటోలో దాన్ని నామీద కూడా కప్పి, నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"నా గొంతు అట్లుంటాదా పాపా? ఎవరో పాడతాండారనుకుంటి."

"అట్లనే ఉంటాదక్కా."

"ఇనకుండానే బాగుంటాదని ఎట్ల సెప్పినావు మాస్టరుకు?"

"నీ మొగం చూసి సెప్పినా."

ఆమె నా చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టి, "అబద్ధాలకోరు దానా! ఇంగెవరికన్నా అవసరమైతే గూడా ఇట్లనే సెప్పు," అంది.

తర్వాత నాలుగైదేళ్ళు ఆదివారాల్లో కోడుమూరు నుంచి మద్దికెర దాకా ఆమె పాట పోయింది. ఎక్కడైనా మైకు గడ్డం కిందే. మిల్లులో గుడ్డ దించడమూ మానలేదు. కూతురికి బిడ్డ పుట్టాక మద్దికెరలో స్థిరపడింది. చర్చిలో ఇప్పుడు ముందు వరసలో నిలబడుతుందట. నేను మిల్లు వదిలి అంగన్‌వాడీకి వచ్చాను. పాటలు చెప్పేటప్పుడు పిల్లలను నా నోటి వైపు చూడమంటాను. పోయిన ఏడు అలివేలు అనే పిల్ల చప్పుడు లేకుండా పెదవులు మాత్రమే కదిపేది. వాళ్ళమ్మ దిగులుపడి, "మా పాప పాడతాదా టీచర్?" అని అడిగితే, "భలే పాడతాది," అన్నాను. అప్పటికి నేను విన్నది లేదు. ఇప్పుడు ఆ పిల్ల గొంతు వీధి చివరికి వినబడుతుంది, వాళ్ళమ్మే కాసేపు ఆపమని బతిమాలుతోంది.

అనుకున్నట్టే ఆదివారం ఖైరున్‌బీ ఇంట్లో చేరాం. చీర రంగు మీద గొడవ ముదిరితే, మాస్టారు అక్కనే అడుగుదామని మద్దికెరకు వీడియో కాల్ చేశాడు. ఫోనులో సువార్తక్క ముఖం నిండుగా కనబడింది. జుట్టు నెరిసింది, నవ్వు నెరవలేదు. ఏదో అంటోంది, చప్పుడు లేదు. "మీరు ముగ్గురూ ఇంగా చావలేదా?" అంటోందని నాకూ ఖైరున్‌బీకీ తెలిసిపోయి నవ్వుతుంటే, మాస్టారు ఏమంటోంది, ఏమంటోంది అని మా ముఖాల్లోకి చూస్తున్నాడు. అంతలో అక్క కొంగును ముక్కుకు అడ్డం పెట్టుకుని, మిల్లు గుడ్డలాగే ఒక వేలితో గడ్డం కిందికి లాగింది. మేమిద్దరం చేతిలో ప్లేట్లు కింద పెట్టేశాం.

"నానీ, ఆయమ్మ ఫోను మ్యూట్‌లో ఉంది. ఏం ఇనబడదు, మళ్ళీ చేస్తా ఉండు," అంటూ ఖైరున్‌బీ మనవరాలు ఫోను తీసుకోబోయింది.

ఖైరున్‌బీ ఆ చేయి పట్టుకుని ఆపింది. అక్క అక్కడ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. మాస్టారికి వినబడాలని, ఆమె పెదవుల మీది పాటనే నేను ఇక్కడ గొంతెత్తి పాడాను.