మా దాపటి ఎద్దు, ఒక్క డిస్కు

తుంగభద్రలో మునిగి లేచి, మంత్రాలయం స్వామి ముందు తడిబట్టలతో నిలబడి చెబుతున్నాననుకోండి: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మామూలు మనిషికి ఇంత ఒట్టు అవసరం లేదు. నాకు అవసరం. ఓర్వకల్లు మీదుగా పోతున్న విమానం కిందికి దిగొచ్చి, పైలట్ కిటికీ తీసి నన్ను కర్నూలుకు దారి అడిగాడని ఊరంతా చెప్పుకొచ్చినవాణ్ని నేనే.

అందుకే నా కళ్లముందు జరిగిన ఒకే ఒక్క వింతను ఎవరూ నమ్మలేదు.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, కోయిలకుంట్ల దగ్గర మా ఊరి తిరునాళ్లలో బండలాగుడు పోటీ. మా జత సగం దూరం పోయాక కుడివైపు ఎద్దు కాలు మడతపడి కూలబడింది. ఎవరికైనా ఆట అక్కడితో సరి. మా దాపటి ఎద్దు, అంటే ఎడమవైపుది, ఆగలేదు. కాడి ఒక పక్కకు వాలిపోయింది, జతగాడు మోకాళ్ల మీదే ఉన్నాడు, అయినా బండ కదిలింది. ఎద్దులకు అటు పక్క నేను, ఇటు పక్క నా చిన్ననాటి స్నేహితుడు అరుస్తూ పరుగెత్తాం. ఆనాడు చూసిన పెద్దవాళ్లు పోయారు. మిగిలినవాళ్లు నా నోట వినీ వినీ, అదీ నా కథే అనుకోవడం మొదలుపెట్టారు.

పోయిన ఏడాది ఇనప్పెట్టెలో ఆ పోటీ వీడియో క్యాసెట్ దొరికింది. బూజు పట్టిపోయింది. స్టూడియోవాళ్లు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించగలిగారు గానీ, ఆ పనిలో టేపు ముక్కలైంది. నా స్నేహితుడికి కర్నూలులో సీసీ కెమెరాల దుకాణం ఉంది. అక్కడే కూర్చుని ఇద్దరమూ చూశాం. నేను ఎప్పుడూ ముప్పై అడుగులని చెప్పేవాణ్ని. వీడియోలో లాగింది ఆరడుగులు. ఆరడుగులు చాలు. వాడు కళ్లు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను.

దాన్ని భద్రంగా దాచి, ఇంట్లో ఏ టీవీలోనైనా ఏ ఫోనులోనైనా వైఫై మీద చూసుకునేలా ఒక డబ్బా కొనాలనుకున్నాను. నెల రోజులు ఫోనులో అవే చదివాను. చివరికి రెండు డిస్కుల డబ్బా మీద మనసు నిలిచింది. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది, ఒకటి కూలబడితే రెండోది లాగుతుంది. ఆ సంగతి చదవగానే నాకు మా జత గుర్తొచ్చింది.

నా స్నేహితుడు నవ్వాడు.

"రెండు డిస్కులెందుకప్పా? మీ దాపటెద్దు ఒక్కటే బండ లాగల్యా? ఒక్కటి చాలు. కంపెనీ డబ్బా కూడా వద్దు, నేనే కట్టిస్తా. గేటుకు రెండు కెమెరాలు కూడా పెడతా, అవీ దాంట్లోనే పడతాయి."

నా ఎద్దునే సాక్షిగా తెచ్చాడు, ఇంకేం మాట్లాడను? సరేనన్నాను. వీడియో డబ్బాలోకి ఎక్కించి, "ఇంగ నీకీ పెన్‌డ్రైవ్‌తో ఏం పని?" అని దాన్ని జేబులో వేసుకున్నాడు. మర్నాటికే అందులో ఎవరిదో దుకాణం రికార్డింగులు నింపేశాడు.

మూడు నెలలకు కడప నుంచి మా బావమరిది వచ్చాడు. నన్ను నమ్మనివాళ్లందరిలోకీ గట్టివాడు. వాడి ముందే చూపించాలని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ ఆ వీడియో చూపలేదు. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీలతో అందరం టీవీ ముందు కూర్చున్నాం. నా స్నేహితుణ్నీ పిలిచాను. ఆనాడు పక్కన పరుగెత్తినవాడు ఈనాడు పక్కన ఉండాలని నా ఆశ.

టీవీలో మా గేటు కనిపించింది. ఎంత వెదికినా గేటే. పాలాయన వచ్చాడు, పోయాడు. ఒక వీధికుక్క వచ్చి తీరిగ్గా ఒళ్లు విరుచుకుంది.

"ఇదేనా బావా ఎద్దు?" అన్నాడు బావమరిది. "శానా బక్కగుండాదే! బండ యాడ?"

నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నా స్నేహితుడు డబ్బాను తన ఫోనులో తెరిచి చూశాడు. మొహం మాడిపోయింది.

"నిండితే పాతవి చెరిగిపోయేట్టు పెట్టినానప్పా. అన్ని దుకాణాల్లో అట్లనే పెడతాం. అన్నిటికంటే పాతది అదే గదా, ముందు అదే పోయినట్టుండాది."

వాడి వృత్తిలో పాతదంటే చెత్త. ఎవరికీ పనికిరాదు. రెండు డిస్కులున్నా రెండింట్లోనూ చెరిగేదేనట. నిజమే, తర్వాత కనుక్కున్నాను. ఆ తప్పును నేను అప్పుడే క్షమించాను. చేతి అలవాటు అది.

"పోనీలే," అన్నాను. "నువ్వూ చూసినావు గదా. నువ్వు చెప్పు మా వానికి."

వాడు నా వైపు చూడలేదు. ప్లేటులో బజ్జీ తుంచుతూ కూర్చున్నాడు.

"నాకంతగా గుర్తు ల్యాదప్పా. ఎద్దు జారిందేమో గానీ... బండ కదిల్నట్టు ల్యాదు. నువ్వు చెప్తాంటే ఇని ఇని, నేనూ సూసినాననుకున్యానేమో."

బావమరిది పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం విషయం అర్థమైంది. అక్కడ వింతేమీ జరగకపోతే డబ్బాలో పోయిందేమీ లేదు. పోయిందేమీ లేకపోతే వాడి తప్పూ లేదు. ఒక సెట్టింగును కాపాడుకోవడానికి మా దాపటి ఎద్దును వాడు రెండోసారి చెరిపాడు. మొదటిది యంత్రం చేసిన పని. రెండోది నన్ను ఎదురుగా పెట్టుకుని, నా ఇంటి ఉగ్గాని తింటూ చేశాడు. నాలుగు నెలల కింద తన దుకాణంలో కళ్లు తుడుచుకున్నవాడే.

వాడు వెళ్లేటప్పుడు గేటు దాకా వెంట పోయాను. చెప్పులు తొడుక్కుంటూ ఆగి, నా చెయ్యి పట్టుకున్నాడు. "సూసినానప్పా. ఆరడుగులు. మీ బావమరిది ముందర తప్పు ఒప్పుకోల్యాకపోయినాను," అన్నాడు.

ఒట్టు పెట్టి మొదలుపెట్టాను కాబట్టి చెప్పేస్తున్నాను. పైలట్ సంగతి పక్కన పెడితే, ఇందులో నేను కల్పించింది ఈ చివరి ముక్క ఒక్కటే. వాడు నా చెయ్యి పట్టుకోలేదు. ఒక్క మాటా అనలేదు. చెప్పులు తొడుక్కుని, స్కూటరెక్కి, వెనక్కి చూడకుండా పోయాడు. వాడే బిగించిన గేటు కెమెరాలో అదంతా పడింది. నాలుగైదు సార్లు చూశాను, ఎక్కడైనా తల తిప్పాడేమోనని. సెట్టింగు మార్చలేదు. పదిహేను రోజులకు అదీ చెరిగిపోయింది.

ఇప్పుడు దానికీ నేనొక్కణ్నే సాక్షిని.